కుశలమడిగే ఫోను

ఆ విద్యుత్ కేంద్రంలో ఆయన్ని అందరూ కొలతలాయన అనేవారు. ఆయన దర్జీ కాదు, తాపీమేస్త్రీ అంతకన్నా కాదు. అణు రియాక్టరు నడిపే మనుషులకి ఇచ్చిన శిక్షణ వాళ్ళకి ఎంతవరకు ఒంటబట్టిందో చూసి చెప్పడం ఆయన ఉద్యోగం.

కొత్తగా తన విభాగంలో చేరినవాళ్ళకి ఆయన ఎప్పుడూ ఒకే పాఠం చెప్పేవాడు. "కోర్సు అయిపోగానే ఎలా ఉందని అడుగుతాం. అందరూ బాగుందనే అంటారు. అది కొలత కాదు, మర్యాద. తర్వాత పరీక్ష పెడతాం. అది జ్ఞాపకశక్తికి కొలత. ఇంకొన్నాళ్ళు పోయాక, వాళ్ళు మనల్ని పూర్తిగా మరిచిపోయాక, పనిచేసుకునే చోటికెళ్ళి ఓ మూల కూర్చుని చూస్తాం. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది."

ఈ పాఠం ఆయన ఇప్పటికీ చెబుతూనే ఉన్నాడు. గొంతు మాత్రం వేరెవరిదో అన్నట్టుండేది.

భార్య పోయి ఏడాది కావస్తోంది. ఆయన ఏడవలేదు. ఏడవనందుకు బంధువులు మొదట్లో గుండెధైర్యమని మెచ్చుకున్నారు, తర్వాత కొంచెం భయపడ్డారు, ఆ తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. పన్ను పీకించుకున్న పూట దవడ ఎలా ఉంటుందో ఆయనకి ఒళ్ళంతా అలా ఉండేది. ఉందని తెలుస్తుంది, అంతే. పొగలు కక్కే టీని మంచినీళ్ళలా తాగేసేవాడు. కాంటీన్ మనిషి అది కనిపెట్టాడు. ఆయన గ్లాసు మాత్రం ముందే పోసి, చల్లారనిచ్చి, తర్వాత చేతికివ్వడం మొదలుపెట్టాడు.

సాయంత్రాలు బామ్మర్ది వచ్చేవాడు. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు, పెళ్ళీ పెటాకులూ లేనివాడు, రోడ్డుకి అవతలి పక్క క్వార్టర్లలో ఉంటాడు. కొలతలాయన వండేవాడు, ఇద్దరూ టేబుల్ దగ్గర ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళు. ఆవిడ కళ్ళజోడు ఫ్రిజ్ మీద ఉండేది. ఇద్దరూ దాన్ని తీయలేదు, ఇద్దరూ దాన్ని చూడలేదు.

"కూరెలా ఉందిరా?" అని ఈయన అడిగేవాడు.

"బాగుంది బావా," అని అతను ముద్దకొక గుక్క మంచినీళ్ళు తాగేవాడు.

ఆ బామ్మర్దిది కూడా ఆ కేంద్రంలోనే పని. సిమ్యులేటర్ మాస్టారు. అసలు కంట్రోల్ రూము ఎలా ఉంటుందో శిక్షణ కేంద్రంలో అచ్చం అలాంటి గది ఇంకొకటి కట్టారు. అవే మీటర్లు, అవే స్విచ్చులు, అవే దీపాలు. అసలు గదిలో కిర్రుమనే కుర్చీ ఎక్కడుందో ఇక్కడా అక్కడే ఉంది. తేడా ఒక్కటే. ఆ గోడల వెనక రియాక్టరు ఉంది, ఈ గోడ వెనక మాస్టారు ఉన్నాడు. నల్లటి అద్దం చాటున ఒక చిన్న బూత్, అందులో ఒక కంప్యూటరు, ఒక ఫోను. షిఫ్టు వాళ్ళు ఈ గదిలో కూర్చుని ప్లాంటు నడుపుతున్నట్టే నడుపుతుంటే, మాస్టారు లోపల్నుంచి మీట నొక్కి ఒక్కో లోపం పుట్టిస్తాడు. ఒక పంపు ఆగిపోతుంది, ఒక పైపు కారుతుంది. వాళ్ళు దాన్ని ఎంత తొందరగా పట్టారో, పట్టి ఏం చేశారో కంప్యూటరు రాసుకుంటుంది.

ఫోను కూడా మాస్టారిదే. కంట్రోల్ రూములోంచి టర్బైన్ దగ్గరికి ఫోను చేస్తే పలికేది మాస్టారు, పంపుల దగ్గరికి చేస్తే మాస్టారు, కెమిస్టు మాస్టారు, నిప్పంటుకుందంటే అగ్నిమాపక దళం మొత్తం మాస్టారే. ఒక్కొక్కరికి ఒక్కొక్క గొంతు పెట్టేవాడు. పంపుల మనిషికి జలుబు, కెమిస్టుకి విసుగు. షిఫ్టు వాళ్ళకి అతనంటే ప్రాణం.

ఆ నెలలో కొలతలాయనకి డైరెక్టరు గారి గదినుంచి పిలుపొచ్చింది.

"కూర్చోండి," అన్నాడు డైరెక్టరు. "మీ బామ్మర్ది గారి గదిలో అందరూ హీరోలే. అసలు గదిలోకొచ్చేసరికి జీరోలవుతున్నారు. ఎందుకంటారు?"

జరిగింది చిన్న విషయమే. అసలు కంట్రోల్ రూములో ఒక మీటరు ముల్లు బిగుసుకుపోయింది. ఆవిరి తయారయ్యే డ్రమ్ములో నీటిమట్టం చూపించే ముల్లు అది. నీళ్ళు మెల్లగా తగ్గుతున్నా ముల్లు మాత్రం బాగానే ఉన్నానంటూ నిలబడింది. పక్క మీటరుతో పోల్చి చూస్తే తెలిసేది. షిఫ్టు వాళ్ళు చూడలేదు. అలారం మోగాకగాని తెలియలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. యంత్రాలు తమ జాగ్రత్త తాము చూసుకున్నాయి. కానీ అదే షిఫ్టు, అదే లోపాన్ని, సిమ్యులేటర్లో కళ్ళు మూసి తెరిచేలోగా పట్టింది. మార్కులు కూడా ఉన్నాయి.

"మార్కులు నిజమేనండీ," అన్నాడు కొలతలాయన. "నేనే చూశాను."

"మార్కులు నిజమైతే మనుషులు అబద్ధమా? లైసెన్సులు ఇచ్చేవాళ్ళు నన్నడుగుతున్నారు, మీ శిక్షణ పనిచేస్తోందా లేదా అని. మీరు చూసి చెప్పండి. ఆ బూత్‌లో ఆయన్ని ఉంచాలో, మార్చాలో మీ మాటని బట్టే ఉంటుంది." ఆయన మళ్ళీ, "చుట్టరికం అడ్డమనుకుంటే ఇప్పుడే చెప్పేయండి, ఇంకొకరికి ఇస్తాను," అన్నాడు.

కొలతలాయన ఆలోచించాడు. అడ్డమనిపించడానికి లోపల ఏదో ఒకటి అనిపించాలి కదా. ఏమీ అనిపించలేదు.

"అడ్డం కాదండీ," అన్నాడు.

మర్నాడు పొద్దున సిమ్యులేటర్ గదిలో ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఏడాదిగా కొలతలు కంప్యూటరు పంపిన అంకెల్లోనే చూస్తున్నాడు. గదిలో కూర్చుని మనుషుల్ని చూడటం మళ్ళీ ఇదే. ఏసీ గాలి నేరుగా మెడమీద కొడుతోంది. ఆయన గమనించలేదు గాని, షిఫ్టు ఇన్‌ఛార్జి లేచి వెళ్ళి ఆ రెక్కని పక్కకి తిప్పి వచ్చాడు.

ఇన్‌ఛార్జి కాకుండా ప్యానెళ్ళ దగ్గర ఇద్దరున్నారు. ఒకావిడ సీనియర్ ఆపరేటరు. డెస్కు వదిలి లేవదు కాబట్టి డెస్కు మేడం అంటారు. రెండో అతనికి ఈమధ్యే పెళ్ళయింది. పేరు ఎవరూ పిలవట్లేదు, అందరికీ పెళ్ళికొడుకే.

"ఏం పెళ్ళికొడుకా, ఆ వాల్వు వంక అలా చూస్తావేంటి, అదేమన్నా సిగ్గుపడుతుందా?" అంది మేడం.

"అది నయం మేడం. తిప్పితే తిరుగుతుంది."

ఇన్‌ఛార్జి నవ్వు ఆపుకున్నాడు. గది మామూలుగా ఉంది. మేడం నీళ్ళ సీసా మూత తీసి, ఓ గుక్క తాగి, మూత పెట్టకుండానే పక్కన పెట్టింది. పెళ్ళికొడుకు కుర్చీలో వెనక్కి వాలాడు. అలా చాలాసేపు నడిచింది.

ఫోను మోగింది. ఇన్‌ఛార్జి స్పీకరు నొక్కాడు.

"సార్, పంపుల దగ్గర్నుంచండీ," అంది జలుబు గొంతు. "ఇక్కడంతా బాగానే ఉంది. మీరేమైనా తిన్నారా సార్?"

"ఆ, అయిందయ్యా."

"మేడం గారు?"

"తిన్నాను బాబూ."

ఫోను పెట్టేశాడు. మేడం నీళ్ళ సీసాకి మూత బిగించింది. కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. పెళ్ళికొడుకు కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఇన్‌ఛార్జి లేచి, వాళ్ళిద్దరి వెనకాల నిలబడి, చేతులు కట్టుకున్నాడు. మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి మేడం వేలు చాపింది. "ఈ మట్టం నిలబడిపోయింది. పక్కది తగ్గుతోంది. ఇది నమ్మొద్దు." ఇంకా అలారం రాలేదు. పెళ్ళికొడుకు నీళ్ళ వాల్వు స్విచ్చు అందుకున్నాడు. అంతా సవ్యంగా జరిగిపోయింది. మార్కులు మళ్ళీ నిండుగా వచ్చాయి.

కొలతలాయన ఆ సీసా మూత గురించి రాసుకున్నాడు. ఎందుకో ఆయనకే తెలియదు.

మధ్యాహ్నం ఇంకో షిఫ్టు వచ్చింది. మనుషులు వేరు, లోపం వేరు. ఈసారి పైపు కారడం. ఫోన్లో ఈసారి విసుగు కెమిస్టు. నీళ్ళ పరీక్ష సంగతేదో చెప్పి, పెట్టేసేముందు గొంతు కొంచెం దించి, "మీరంతా ఏమైనా తిన్నారా?" అన్నాడు. గదిలో కుర్చీలన్నీ ఒకేసారి ముందుకి జరిగాయి.

కొలతలాయన లేచి బాత్రూముకెళ్ళి కుళాయి తిప్పాడు. చేతులు కడుక్కోవాల్సిన పనేమీ లేదు. నీళ్ళు చేతులమీద పడుతుంటే అలాగే నిలబడ్డాడు.

ఆ గొంతు ఆయన ఎరుగును. కెమిస్టు గొంతూ కాదు, పంపుల మనిషి గొంతూ కాదు. ఆ ఒక్క ప్రశ్న దగ్గరికొచ్చేసరికి వేషాలన్నీ జారిపోయి బామ్మర్ది సొంత గొంతు బయటపడుతుంది.

భార్య ఆసుపత్రిలో ఉన్న ఆఖరి రోజుల్లో ఇద్దరూ వంతులేసుకుని కూర్చునేవాళ్ళు. ఆ మధ్యాహ్నం బామ్మర్ది వంతు. ఈయన క్లాసులో పరీక్ష పెట్టి కాంటీన్ వైపు నడుస్తున్నాడు. ఫోను మోగింది.

"బావా, ఏమైనా తిన్నావా?"

"ఇప్పుడే వెళ్తున్నాన్రా. ఎలా ఉంది?"

"నువ్వు తినెయ్యి ముందు. తిన్నాక నేనే చేస్తాను."

ఆయన తిన్నాడు. అన్నం వేడిగా ఉంది, ఆకలిగా ఉంది, కాంటీన్ మనిషి అడక్కుండానే రెండోసారి వడ్డించాడు. చెయ్యి కడుక్కుని వస్తుంటే మళ్ళీ ఫోను మోగింది. అప్పటికే అంతా అయిపోయి చాలాసేపయిందట. ఆ మాత్రం సేపు తనని భర్తగానే ఉండనిచ్చాడు బామ్మర్ది. తిండి రుచి తెలియడం ఆయనకి అదే ఆఖరు.

ఇప్పుడు కుళాయి దగ్గర నిలబడి ఆయన కొలవాల్సింది కొలిచేశాడు. ఈ షిఫ్టులు లోపాల్ని పట్టట్లేదు. మాస్టారి జాలిని పట్టుకుంటున్నాయి. అసలు కంట్రోల్ రూములో రియాక్టరు ఎవర్నీ తిన్నారా అని అడగదు.

ఆ సాయంత్రం బామ్మర్ది వచ్చి, పళ్ళేలు పెట్టి, కూర్చున్నాడు.

"ఏంటి బావా, ఇవాళ నా గదిలో పొద్దస్తమానం కూర్చున్నావు. నాకేమన్నా మార్కులేస్తున్నావా?"

"లోపం పెట్టేముందు వాళ్ళకి ఫోను చేస్తున్నావురా."

"చేస్తాను మరి. ఊరికే ఫోన్లు వస్తూంటాయి కదా ప్లాంట్లో. సహజంగా ఉండాలని."

"చేసి తిన్నారా అని అడుగుతున్నావు."

బామ్మర్ది ముద్ద చేతిలోనే ఉంచి చూశాడు. "నేనెప్పుడడిగాను?"

"రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ దాని వెనకే లోపమొచ్చింది."

"ఎప్పుడో ఓసారి అనుంటాను. మర్యాదకి. దానికీ దీనికీ ఏం సంబంధం బావా? వాళ్ళు బాగా చేస్తున్నారంటే నేర్పాను కాబట్టి చేస్తున్నారు. బతికున్న ముల్లు కొంచెమైనా వణుకుతుంది, వణకని ముల్లుని నమ్మొద్దని నోరు నొప్పుట్టేలా చెప్పాను. అది నీకు కనపళ్ళేదు, నేను కుశలమడగడం కనపడింది." నీళ్ళు గడగడా తాగాడు. "ఆ డైరెక్టరు నన్నక్కణ్ణించి పంపేద్దామని చూస్తున్నాడు. అదొక్కటేగా నాకు మిగిలింది. పొద్దున్నే ఆ గది తలుపు తీసుకోవాలని కాబట్టి మంచం దిగుతున్నాను. లేకపోతే ఏముంది?"

తనెందుకు మంచం దిగుతున్నాడో కొలతలాయనకీ తెలియదు.

"రేపు పొద్దున ఫోను నేను పట్టుకుంటాను," అన్నాడు. "లోపం నువ్వే పెట్టు. అదే షిఫ్టు, అదే ముల్లు. పట్టుకున్నారంటే నాదే తప్పని నేనే రాస్తాను."

"రాయి. తప్పకుండా రాద్దువుగాని." కాసేపయ్యాక, "కూర బాగుంది," అని కూడా అన్నాడు, అలవాటు కొద్దీ.

బూత్ లోపల ఇద్దరికి చోటు చాలదు. మోకాళ్ళు తగులుతున్నాయి. అద్దంలోంచి గదంతా కనిపిస్తోంది, గదిలోవాళ్ళకి వీళ్ళు కనిపించరు. బామ్మర్ది కంప్యూటరు ముందు, కొలతలాయన ఫోను ముందు.

మేడం సీసా మూత తీసి పెట్టింది. పెళ్ళికొడుకు ఏదో చెబుతున్నాడు, అత్తగారింటి సంగతి కాబోలు, ఇన్‌ఛార్జి నవ్వుతున్నాడు. కొలతలాయన ఓసారి ఫోను చేసి, పంపులు సరిగ్గానే ఉన్నాయని పొడిపొడిగా చెప్పి పెట్టేశాడు.

"ఇదెవడ్రా కొత్తవాడు, ముక్తసరిగా మాట్లాడుతున్నాడు," అన్నాడు ఇన్‌ఛార్జి స్పీకరు ఆపుతూ.

"ఇక కానియ్," అన్నాడు కొలతలాయన బూత్ లోపల.

బామ్మర్ది మీట నొక్కాడు. అద్దం అవతల ఒక ముల్లు నిలబడిపోయింది. దాని పక్కన ఇంకో ముల్లు, చూస్తే చూసినట్టు, చూడకపోతే లేనట్టు, కిందికి జారడం మొదలుపెట్టింది.

మేడం చూపు ఆ ముల్లు మీదుగా వెళ్ళి, ముందుకి పోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. పెళ్ళికొడుకు వెనక్కి వాలే ఉన్నాడు.

"చూడమ్మా," అన్నాడు బామ్మర్ది నెమ్మదిగా. "పక్కకి చూడు. ఒక్కసారి చూడు."

ఆమెకి వినపడదు. ముల్లు ఇంకొంచెం జారింది. బామ్మర్ది కుడిచెయ్యి మెల్లగా పక్కకొచ్చి ఫోను మీద పడింది. కొలతలాయన తన చెయ్యి తీసి దాని మీద పెట్టాడు.

"వద్దురా."

"ఊరికే..."

"ఏమడుగుదామని?"

బామ్మర్ది తన చేతి వంక చూసుకున్నాడు. అది ఎవరిదో అన్నట్టు చూశాడు. దాన్ని వెనక్కి తీసుకోలేదు, నెంబరు నొక్కలేదు. రెండు చేతులూ అలాగే ఫోను మీద ఉండిపోయాయి.

అలారం మోగింది. గదిలో ముగ్గురూ ఉలిక్కిపడి లేచారు. మేడం చెయ్యి తగిలి సీసా దొర్లి నీళ్ళు డెస్కు అంచునుంచి కారాయి. వాళ్ళు ఏం చేయాలో అది చేశారు, తొందరగానే చేశారు, కానీ ఆలస్యమైంది. రియాక్టరు తనంత తాను ఆగిపోయినట్టు ఎర్రదీపాలన్నీ వరసగా వెలిగాయి. సిమ్యులేటర్ కాబట్టి దీపాలే. తర్వాత కంప్యూటరు దాన్ని కూడా రాసుకుంది.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మేడం కర్చీఫుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది.

"ముల్లు చూశాను సార్," అంది. "ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. కదలకుండా ఉంది కదా, బాగానే ఉందనుకున్నాను."

కొలతలాయన ఆ మాట రాసుకున్నాడు. రాసి, దాన్నే చూస్తూ కాస్త ఎక్కువసేపు ఉండిపోయాడు.

"మరి నిన్న ఎలా పట్టారమ్మా?" అని అడిగాడు.

ఆమె మాస్టారి వైపు చూసి, తల దించుకుంది. పెళ్ళికొడుకే చెప్పాడు.

"నిన్న మాస్టారు అడిగారు కద్సార్, తిన్నారా అని. పంపుల దగ్గర్నుంచి ఎవడైనా మమ్మల్ని అంత ప్రేమగా అడుగుతాడా? మా అత్తగారే అడగరు. అడిగారంటే ఏదో రాబోతోందని అందరికీ తెలుసు. అన్ని షిఫ్టుల్లోనూ తెలుసు." నవ్వుదామనుకున్నాడు గాని మాస్టారి మొహం చూసి ఆగిపోయాడు. "మీకు తెలుసనుకున్నాం మాస్టారూ. కావాలనే చెబుతున్నారనుకున్నాం."

బామ్మర్ది, బల్ల మీద నీళ్ళ సీసా మూత ఉంటే దాన్ని తీసి మేడం ముందు పెట్టాడు.

అందరూ వెళ్ళాక బూత్‌లోకొచ్చి కంప్యూటరు ఆపుతూ, వెనక్కి తిరగకుండానే అడిగాడు. "నీకెలా తెలిసింది బావా? రెండుసార్లు వింటే పట్టేశావు. వాళ్ళకి ఏడాది పట్టుంటుంది."

"నన్నూ అడిగావు కదరా. ఆవేళ."

కంప్యూటరు ఫ్యాను చప్పుడు ఆగిపోయింది. బామ్మర్ది తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

కొలతలాయన రాయాల్సింది రాశాడు. శిక్షణ పనిచేస్తోంది, కాకపోతే నేర్పాలనుకున్నది కాక వేరేది నేర్పింది అని రాశాడు. లోపాలు కంప్యూటరు తన ఇష్టం వచ్చినప్పుడు పెట్టాలి, ఫోను పట్టుకునే మనిషికి అది ఎప్పుడో తెలియకూడదు, షిఫ్టులన్నిటినీ మళ్ళీ పరీక్షించాలి అని రాశాడు. ఒక వాక్యం దగ్గర ఆగి, చాలాసేపు కూర్చుని, చివరికి ఉన్నదున్నట్టే రాశాడు: మాస్టారికి వాళ్ళ మీద జాలి ఉంది, పాఠం చెప్పడానికి అది మంచిది, పరీక్ష పెట్టడానికి పనికిరాదు.

"ఏమండీ, మీరు మామూలు మనిషి కాదు," అన్నాడు డైరెక్టరు చదివి. అది మెచ్చుకోలో ఏమిటో కొలతలాయనకి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

బామ్మర్దిని బూత్‌లోంచి తీసి క్లాసురూముకి మార్చారు. మీటర్లు ఎలా చదవాలో కొత్తవాళ్ళకి చెప్పే క్లాసు. ఉద్యోగం పోలేదు, జీతం తగ్గలేదు. సిమ్యులేటర్ గది తాళంచెవి మాత్రం ఇచ్చేశాడు.

ఆ రోజునుంచి సాయంత్రాలు రావడం మానేశాడు. కొలతలాయన మొదట రెండు పళ్ళేలు పెట్టేవాడు, తర్వాత ఒకటి తీసేశాడు. కిటికీలోంచి చూస్తే రోడ్డు అవతల బామ్మర్ది క్వార్టర్లో దీపం వెలుగుతూ కనిపించేది. వెళ్ళొచ్చు. చెప్పులేసుకుంటే అయిపోయే దూరం. వెళ్ళి ఏం చెప్పాలో తోచేది కాదు. చేసింది తప్పు కాదు. తప్పు కాదని తెలియడం వల్ల ఒరిగిందేమీ లేదు.

కాంటీన్ మనిషి ఓరోజు చల్లారిన టీ చేతికిస్తూ, "మాస్టారు కూడా ఇప్పుడు టీ వదిలేసి వెళ్ళిపోతున్నారండీ," అన్నాడు.

షిఫ్టులన్నిటికీ మళ్ళీ పరీక్షలు జరిగాయి. మొదట్లో ఘోరంగా చేశారు. తర్వాత్తర్వాత మెల్లగా పుంజుకున్నారు. ఓ పొద్దున కొలతలాయన అసలు కంట్రోల్ రూములో మూలన కూర్చుని ఉండగా డెస్కు మేడం ఒక మీటరు ముందు ఆగి, వేలితో చూపించి, పక్కదానితో పోల్చి, పెదవులు కదిపి ముందుకెళ్ళడం చూశాడు. ఎవరూ ఫోను చేయలేదు. ఆమె సీసాకి మూత లేదు. ఇది బామ్మర్దికి చెప్పాలి అనుకున్నాడు. అనుకుని, ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కూర వండి, ఒక్క పళ్ళెం పెట్టుకుని కూర్చున్నాడు.

ఫోను మోగింది.

"బావా, నేనే. అక్క మందుల చీటీల ఫైలు నీ దగ్గరే ఉందా? ఆసుపత్రివాళ్ళు ఏదో కాగితం అడుగుతున్నారు." గొంతు గీసిన గీతలా ఉంది. మునుపటిలా ఎలా ఉన్నావని లేదు, ఏం చేస్తున్నావని లేదు.

"ఉంది. ఎప్పుడు కావాలి?"

"ఎప్పుడైనా పర్లేదు. సరే, ఉంటాను."

కొలతలాయన ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాడు. ఏదో తక్కువైంది. ఇన్నేళ్ళుగా ప్రతి ఫోన్లోనూ ఉన్నదేదో ఈ ఫోన్లో లేదు. తను రాసిన వాక్యమొకటి ఈ మనిషి నోట్లోంచి దాన్ని తీసేసింది.

"ఒరే," అన్నాడు. "ఏమైనా తిన్నావా?"

అవతల కుర్చీ ముందుకి జరిగిన చప్పుడు వినపడింది.

"ఏమైంది బావా?" అన్నాడు బామ్మర్ది. "చెప్పు. ఏమైంది?"

"ఏం కాలేదురా."

"నిజం చెప్పు."

"నిజంగానే. ఏం కాలేదు, ఏం కాబోవట్లేదు. నేను తింటున్నాను. నువ్వు తిన్నావో లేదో అని ఊరికే అడిగాను."

పెట్టేశాడేమో అనుకున్నాడు కొలతలాయన.

"తినలేదు," అన్నాడు బామ్మర్ది చివరికి.

"అయితే రా. ఫైలు కూడా తీసి పెడతాను."

"వస్తున్నా."

ఫోను పెట్టేసి, రెండో పళ్ళెం తీసి, ఎదురుగా పెట్టాడు. తన పళ్ళెంలో కలిపి ఉంచిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు.

కూర ఉప్పుకషాయంలా ఉంది.

ఇంకొంచెం వేలితో తీసుకుని చూశాడు. సందేహం లేదు. వేసేది మామూలు చెంచాతోనే, రోజూ ఎంతో ఇవాళా అంతే. అంటే ఇన్నాళ్ళూ ఇలాగే వండుతున్నాడు. ఇన్నాళ్ళూ ఆ మనిషి ఎదురుగా కూర్చుని, ముద్దకొక గుక్క మంచినీళ్ళు తాగుతూ, బాగుంది బావా అని లేచి చెయ్యి కడుక్కున్నాడు.

బాగుందంటే కొలత కాదని ఊరందరికీ పాఠం చెప్పే తను, రోజూ ఆ మాటనే కొలతగా నమ్మాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడుతోంది. కొలతలాయన లేచి, కూరగిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టి, అందులో గ్లాసుడు నీళ్ళు పోశాడు.